అరువు ఆవులు

ఉపమంత్రి వస్తున్నాడన్న కబురు అందిన రోజున నికనోరా సహకార సంఘంలో మూడంటే మూడే ఆవులున్నాయి. కాగితాల మీద మాత్రం నూట నలభై.

తొమ్మిదేళ్ల క్రితం అపూరే మైదానంలోని ఆ పశువుల క్షేత్రాన్ని దొర చేతిలోంచి తీసుకుని ప్రభుత్వం పేదలకు పంచినప్పుడు సంఘానికి అధ్యక్షురాలైంది నికనోరాయే. అప్పట్లో చమురు ధర ఆకాశంలో ఉండేది. ట్రాక్టర్లు వచ్చాయి, జున్ను యంత్రం వచ్చింది, నెలనెలా జీతాలు వచ్చాయి. పాలు పితకడం ఒక్కటే ఎవరికీ రాలేదు. చమురు ధర పడిపోయాక జీతాలు ఆగిపోయాయి, ట్రాక్టర్లు తుప్పు పట్టాయి, జనం ఒక్కో ఆవునే కోసుకు తిన్నారు. పిల్లలున్న ఇళ్లు, ఎవరిని ఏమనగలం. నికనోరా రాసే నివేదికల్లో మాత్రం ఆవులు ఏటేటా ఈనుతూనే వచ్చాయి.

ఇప్పుడు మిగతావి మేతకెళ్లాయని చెప్పినా, కనీసం పాతిక ఆవులైనా ఉపమంత్రి వెంట వచ్చే కెమెరా ముందు నిలబడకపోతే క్షేత్రం వెనక్కి పోతుంది. ముప్పై కుటుంబాలు రోడ్డున పడతాయి. ఆ చుట్టుపక్కల పాతిక ఆవులున్న మనిషి ఒక్కడే, ఏటి అవతల ఉండే ఫిలిబెర్తో. దొర హయాంలో ఇక్కడ పాలు పితికినవాడు. "దొర పెంచిన కుక్కకి మనలో చోటెందుకు?" అని మొదటి సమావేశంలోనే అందరి చేతా చెయ్యెత్తించి నికనోరా ఆయన్ని బయటికి పంపించింది. దొర పోతూ పోతూ ఇచ్చిన ఆరు పెయ్యల్ని తోలుకుని ఆయన ఏరు దాటిపోయాడు.

ఆ సాయంత్రం నికనోరా ఏరు దాటి వెళ్లి ఆయన గుమ్మంలో నిలబడింది. ఆయనే కుర్చీ లాగి, కాఫీ ఇచ్చాడు.

"ఎన్ని కావాలమ్మా?"

"పాతిక, పెద్దాయనా. ఒక్క పూటకే."

"ఏట్లో నీళ్లు తక్కువే. తెల్లారేసరికి తోలుకొస్తాలే."

ఆయన నాలుగు తిట్టినా బాగుండేదని దారి పొడవునా ఆమె కుమిలిపోయింది.

మర్నాడు ఉపమంత్రి కొత్త బూట్లకు పేడ అంటకుండా గెంతుకుంటూ దొడ్డి దగ్గరికి వచ్చాడు.

"మా అమ్మది కూడా ఈ మైదానమే, కామ్రేడ్. పేరు పెట్టి పాడితే గానీ ఆవు గేటు దగ్గరికి రాదు. ఏదీ, ఒకదాన్ని పిలువు. కెమెరా ఇటు తిప్పవయ్యా."

ఆ పాతికలో ఒక్కదాని పేరూ నికనోరాకు తెలియదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. ఆ కంగారులో ఆమెకు గుర్తొచ్చింది ఒకే ఒక్క పేరు. క్షేత్రం పంచకముందు రోజూ పొద్దున్నే ఫిలిబెర్తో గొంతులో ఈ దొడ్డిలోంచి ఊరంతా వినబడిన పేరు.

"అసుసేనా... అసుసేనా..."

ఒక్క ఆవూ తల ఎత్తలేదు. ఒకటి నింపాదిగా ఉచ్చ పోసింది. కంచె దగ్గర నిలబడ్డ ఫిలిబెర్తో మాత్రం చటుక్కున సంఘం మూడావులూ కట్టేసి ఉన్న వెనుక దొడ్డి వైపు తిరిగి చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని తనే అందుకున్నాడు.

"కాండెలారియా... రావే తల్లీ..."

ఎర్రావు ఒకటి మందను తోసుకుంటూ వచ్చి గేటుకు తల ఆనించింది.

"ఈయనెవరు? మీ సభ్యుడా?" అన్నాడు ఉపమంత్రి.

సభ్యుల జాబితా ఉపమంత్రి పక్కనున్న గుమాస్తా చేతిలోనే ఉంది.

"పనివాడండీ," అంది నికనోరా.

"సహకార సంఘంలో పనివాడేంటి, కామ్రేడ్?"

ఫిలిబెర్తో టోపీ తీశాడు. "రోజుకూలీనండి. ఆవులన్నీ వీళ్లవే."

ఉపమంత్రి సరేనని నవ్వాడు, అందరూ చప్పట్లు కొట్టారు. క్షేత్రం నిలబడింది. నికనోరాకు మాత్రం అక్కడే భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

కార్లు వెళ్లిపోయాక కూడా ఫిలిబెర్తో మందను కదిలించలేదు. వెనుక దొడ్డిలోకి వెళ్లి, ఓసారి కలియజూసి తిరిగొచ్చాడు. నికనోరా ఎదురెళ్లింది.

"పెద్దాయనా, వచ్చే సమావేశంలో మీ పేరు చేర్పిస్తాను. ఆ రోజు నేనన్న మాట..."

"అదలా ఉంచమ్మా. అసుసేనాని ఎక్కడ కట్టేశారు? నువ్వు పిలిచావు కదా, ఇంకా ఉందేమో అనుకున్నా. ముసలిదైపోయుంటది. ఒక్కసారి చూసి పోతా."

నికనోరా తల వంచుకుంది.

"లేదు, పెద్దాయనా. దాన్నే ముందు కోశాం. మొదటి ఏడే."

ఆయన మళ్లీ వెనుక దొడ్డి వైపు చూశాడు. "ఆకలికా?" అన్నాడు.

అవునంటే నమ్మేవాడే. నమ్మాలనే ఆయనా అడిగాడు.

"కాదు," అంది నికనోరా. "సంఘం పెట్టి ఏడాదైందని విందు చేసుకున్నాం. అప్పుడు మాకు అన్నీ ఉన్నాయి."