ముందు నడిచిన మనిషి

పడవ ఒడ్డుకు తగిలినా ఛాయాదేవి లేవలేదు. అందరూ దిగేదాకా కూర్చుంది. ఎక్కడికి బయలుదేరినా అంతే. తలుపు తాళం ఇంకోసారి లాగి చూసి, సంచులన్నీ వచ్చాయో లేదో చూసుకుని, చివరగా కదిలే మనిషి ఆవిడ. భర్త ఉన్న రోజుల్లో ఆయన పది అడుగులు ముందు నడిచేవాడు. ఆయన పోయి ఏడేళ్ళయినా ఆ పది అడుగుల దూరం ఆవిడ కాళ్ళలోనే ఉండిపోయింది.

అలాస్కాకు ఆవిడను తీసుకొచ్చింది దేదీప్య, అఖిల్. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు ఛాయాదేవి ఉండే కూతురి అపార్ట్‌మెంట్‌కు ఎదురు బిల్డింగ్‌లోనే ఇద్దరూ చెరో ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు. ఒకసారి దేదీప్య జ్వరంతో మంచం పడితే ఛాయాదేవి రసం గిన్నె పట్టుకుని ఇటు రెండంతస్తులు దిగి, అటు రెండంతస్తులు ఎక్కి వెళ్ళింది. జ్వరం తగ్గింది కానీ గిన్నె వెళ్ళడం ఆగలేదు. ఆ వాసనకు అఖిల్ కూడా అక్కడే తేలేవాడు. ఇప్పుడు ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి, పెళ్ళీ అయింది. ఎప్పుడో ఫోన్‌లో గ్లేసియర్ ఫొటో చూసి, ఆ మంచు మీద ఒక్కసారి చెయ్యి పెట్టాలని ఉందని ఆవిడ అన్న మాట వాళ్ళు మరిచిపోలేదు.

కుడి మోకాలి సంగతి మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే వద్దంటారని భయం.

గైడ్ పేరు మార్నీ. సరస్సులో తేలే మంచుగడ్డల మధ్య నుంచి పడవను వెనక కూర్చుని తెడ్డుతో నడిపించి తెచ్చిన పొడుగాటి మనిషి. ఛాయాదేవి వాళ్ళు ముగ్గురూ, ఒహాయో నుంచి వచ్చిన భార్యాభర్తలూ, మార్నీ కలిపి ఆరుగురు. మంచు దాకా మైలున్నర నడక. ఎక్కడున్నా సరే రెండింటికి వెనక్కి తిరగాలని, ఆ తర్వాత గాలి లేచి సరస్సు అల్లకల్లోలమవుతుందని మార్నీ చెప్పింది. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి ఎవరినీ ఒంటరిగా వదలరట. ఆరుగురూ కలిసే వెళ్ళాలి, కలిసే రావాలి.

అంతా చెప్పి, వెనక నిలబడ్డ ఛాయాదేవిని చెయ్యూపి ముందుకు పిలిచి తన వెనకే నిలబెట్టింది.

ఛాయాదేవికి మొహం వేడెక్కింది. నడవలేనని కనిపెట్టి అందరి ముందూ నిలబెట్టిందనుకుంది. ఆ సిగ్గుతో దబదబా నడిచింది. చెట్ల వేళ్ళు, తడి రాళ్ళు, ఏవీ చూసుకోలేదు. సగం దారికే మోకాలు సలపడం మొదలైంది. పక్కకు తప్పుకుని, వంగి బూటు పట్టుకుంది. లేసు ఊడిందని, మీరంతా పదండి, నేను మెల్లిగా వస్తానని అంది.

అఖిల్ వంగి చూశాడు. "ఆంటీ, రబ్బరు బూట్లకి లేసులేంటి?"

ఒక్కరూ కదల్లేదు. ఒహాయో ఆయన గడియారం చూసుకున్నాడు. ఒకటీ ఇరవై. తను పక్కకు తప్పుకుంటే దారి ఇచ్చినట్టు కాదని, అందరి దారీ ఆపినట్టని ఆవిడకు అప్పుడు తెలిసింది. తన వల్ల ఇంతమంది ఇంత దూరం వచ్చి మంచు చూడకుండా తిరిగిపోతారా? ఇక దాచి లాభం లేదని మోకాలి సంగతి చెప్పేసింది.

మార్నీ కోప్పడలేదు. తన చేతికర్ర ఇచ్చి, ఆవిడ సంచి తన భుజాన వేసుకుని, దేదీప్యతో ఏదో చెప్పింది.

"ఆంటీ, మిమ్మల్ని ముందు పెట్టింది సిగ్గుపడాలని కాదంట. మెల్లిగా నడిచేవాళ్ళు వెనకుంటే ఎవరికీ తెలీకుండా మిస్ అయిపోతారంట. ముందుంటే మేమంతా మీ స్పీడ్‌కే నడుస్తాం. టైమ్ సరిపోద్ది, ఉరకొద్దంటోంది."

"నా స్పీడేంటమ్మా, నా మొహం."

"రసం గిన్నె పట్టుకుని మా మెట్లు ఎక్కేవారు చూడండి, ఒక్క చుక్క ఒలక్కుండా. అదే. అలా నడవండి."

ఆ నడక ఛాయాదేవికి తెలుసు. ముందు పాదం ఆనుతుంది, ఆనిందని తెలిశాకే రెండోది లేస్తుంది. తొందర ఉండదు, ఆగడమూ ఉండదు. కర్ర ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలో గిన్నె ఉన్నట్టే అడుగు వేసింది. వెనక ఎనిమిది బూట్ల చప్పుడు ఆమె చప్పుడుతో కలిసింది. "ఆంటీ, ఇంగువ వేశారా?" అని అఖిల్ వెనక నుంచి అడిగాడు. నోరు మూసుకుని నడవరా అంది, నవ్వుతూ.

చెట్లు అయిపోయి రాతినేల వచ్చింది. చల్లగాలి మొహానికి కొట్టింది. ఎదురుగా నీలంగా, ఇంటికన్నా ఎత్తుగా మంచు. ఒహాయో ఆవిడ గడియారం చూసి రెండింటికి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయని చెప్పింది. మార్నీ అంచు అంతా చూసి వచ్చి, ఇక్కడ ముట్టుకోవచ్చని చోటు చూపించింది.

ఛాయాదేవి గ్లవ్ తీసి అరచెయ్యి ఆనించింది. వేళ్ళు మొద్దుబారేదాకా తియ్యలేదు. ఆ తడి చేతిని కళ్ళకద్దుకుని వెనక్కి తిరిగింది. రాళ్ళ మీదుగా మిగిలిన నలుగురూ తన వైపే వస్తున్నారు. ఇన్నేళ్ళూ ఏ ప్రయాణంలోనైనా ఆవిడకు కనిపించినవి మనుషుల వీపులే. ఇప్పుడు మొహాలు. ఎర్రబడ్డ ముక్కులతో, నవ్వుకుంటూ, తనను చూస్తూ.

ఆవిడ దేదీప్య చెంపకు చల్లటి చెయ్యి ఆనించింది. ఇంగ్లీషులో తెలిసిన ఒక్క మాట, థాంక్యూ, మార్నీకి చెప్పింది. ఒహాయో వాళ్ళకూ చెప్పింది. అఖిల్ తనకు చెప్పలేదేమని అడిగితే, నీకు ఇంటికెళ్ళాక రసంతో చెప్తానంది.

రెండయింది. వెనక్కి తిరగాలి. మార్నీ నోరు తెరవకముందే ఛాయాదేవి కర్ర తీసుకుని, వెళ్ళి ఆవిడ వెనకే నిలబడింది.

"అందరూ ఉన్నారుగా? పదండి," అంది.