బలపరిచినవారి సంతకం

జీపు కొల్లిపర దాటేసరికి మధ్యాహ్నం మూడయింది. నాలుగింటిలోపు తెనాలి కాలేజీలో ఉండాలి. హనుమయ్య తనే నడుపుతున్నాడు. పక్కన కూతురు శేషారత్నం. బి.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది.

"ఏం చెప్పాలో గుర్తుందిగా?"

"ఉంది నాన్నా."

"ఆ సంతకం నాది కాదు అను. అంతే. ఇంకో మాట వద్దు."

అది 1971 ఆగస్టు. కాలేజీలో విద్యార్థి సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. అధ్యక్ష పదవికి ఇద్దరే నామినేషన్ వేశారు. ఒకడు శేషారత్నం మేనమామ కొడుకు నరసింహారావు. రెండో మనిషి ఆమె స్నేహితురాలు గంగాభవాని. రేపల్లె అవతల చేపలు పట్టేవాళ్ల ఊరు ఆమెది. రోజూ రైల్లో వచ్చేది. రైలు ఆలస్యమైతే ఆ వైపు పిల్లలకి మొదటి గంట హాజరు పోయేది. హాజరు తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వరు. ఆ పద్ధతి మార్పించాలనే ఆమె పోటీకి దిగింది. పోయిన గంటల నోట్సు ఎప్పుడూ శేషారత్నాన్నే అడిగి తీసుకునేది.

నామినేషన్ కాగితం మీద ఒకరు ప్రతిపాదిస్తూ, ఒకరు బలపరుస్తూ సంతకాలు చెయ్యాలి. వాళ్ల క్లాసులోనే చదివే దేవకుమారి ప్రతిపాదించింది. బలపరచడానికి ఎవరూ ముందుకు రాలేదు. నరసింహారావు మనుషులంటే అందరికీ భయం. శేషారత్నం పెన్ను తీసుకుని సంతకం చేసేసింది. పెద్దగా ఆలోచించలేదు కూడా.

రెండో రోజుకే కబురు ఇంటికి చేరింది.

"సొంత బావ మీద నిలబడ్డ పిల్లకి సంతకం పెడతావా? మీ మావయ్యకి నా మొహం ఎలా చూపించమంటావ్?" అన్నాడు హనుమయ్య.

అదే రోజు నరసింహారావు వర్గం ఆ సంతకం దొంగదని అర్జీ పెట్టింది. సంతకం చేసిన మనిషి మర్నాడు నాలుగింటిలోపు వచ్చి చెప్పాలని కాలేజీ నుంచి కబురొచ్చింది. సంతకం చెల్లకపోతే నామినేషన్ చెల్లదు. అతను పోటీ లేకుండా గెలుస్తాడు.

దారి పొడుగునా శేషారత్నం తనకు తాను నచ్చజెప్పుకుంది. కాగితం పోతుంది, అంతేగా. గంగాభవాని వచ్చే ఏడు నిలబడుతుంది.

ఎన్నికల అధికారి బసవేశ్వరరావు చరిత్ర లెక్చరరు. ఆయన గదిలో ఒక బెంచీ మీద నరసింహారావు, ఇంకో బెంచీ మీద గంగాభవాని కూర్చుని ఉన్నారు. బయట కుర్రాళ్లు కిటికీలకి అతుక్కుపోయారు. శేషారత్నాన్ని చూడగానే గంగాభవాని లేచి నిలబడింది.

"వచ్చావా రత్నం!" అంది. ఆ గొంతులోని నమ్మకానికి శేషారత్నం తల దించుకుంది.

"కూర్చోమ్మా," అన్నారు మాస్టారు. "అడిగేముందు ఒకటి చెప్పాలి. ఇది నీ సంతకం కాదంటే, కాగితం తెచ్చిచ్చిన గంగాభవాని దొంగ సంతకం చేయించినట్టే. నామినేషన్ కొట్టెయ్యడంతో అయిపోదు. ఆ అమ్మాయిని కాలేజీ నుంచి పంపించేస్తామని ప్రిన్సిపాల్ గారు నిన్ననే అన్నారు."

శేషారత్నం గిరుక్కున తండ్రి వైపు తిరిగింది. హనుమయ్య నరసింహారావు వైపు చూశాడు.

"ఈ సంగతి నాకు చెప్పలేదేంట్రా?"

"అవన్నీ తర్వాత మావయ్యా. ముందు రత్నాన్ని చెప్పనీయండి."

"నా ముందే పెట్టిందండి సార్..." అంటూ గంగాభవాని ఏదో చెప్పబోయింది. మాస్టారు చేత్తో వారించి, తెల్ల కాగితం ఒకటి శేషారత్నం ముందుకు జరిపారు.

"నీ సంతకం చెయ్యమ్మా. రెండూ పోల్చి చూస్తాను."

ఇలా అడుగుతారని ఆమె జీపులోనే ఊహించింది. అక్షరాలు పక్కకి వాల్చి రాద్దామనుకుంది. మొదటి అక్షరం అలాగే వాల్చింది కూడా. అక్కడ చెయ్యి ఆగిపోయింది. గోడ గడియారంలో నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది.

ఆమె ఆ అక్షరం కొట్టేసింది. దాని కింద ఎప్పుడూ చేసే సంతకమే చేసింది.

"ఆ కాగితం మీదది నాదేనండి. నేనే పెట్టాను."

కిటికీల దగ్గర గోల లేచింది. నరసింహారావు బల్ల మీద చరిచాడు.

"అబద్ధం చెబుతోంది సార్!"

"ఎవర్నిరా అంటున్నావ్? నా కూతురా అబద్ధం చెప్పేది?" అని అరిచాడు హనుమయ్య. అన్నాక తన మాట తనకే వినపడినట్టు ఠక్కున ఆగిపోయాడు. కండువా సర్దుకుని బయటికి నడిచాడు.

నామినేషన్ చెల్లింది.

నాలుగు రోజులు ఇంట్లో ఆమెతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఓట్లు వేసే రోజు పొద్దున్న మాత్రం హనుమయ్య పేపర్లోంచి తలెత్తకుండానే, "బస్సుకి టైమవుతోంది. వెళ్లవా?" అన్నాడు.

గంగాభవాని ముప్పై ఒక్క ఓట్లతో ఓడిపోయింది. ఆ సాయంత్రం ఆమెని రేపల్లె రైలెక్కించడానికి శేషారత్నం తెనాలి స్టేషన్ దాకా వెళ్లింది.

"ఆ రోజు కాదందామనే వచ్చావా?" అని అడిగింది గంగాభవాని.

"అవును. సార్ ఆ మాట చెప్పేదాకా అదే అనుకున్నా."



"ముందే చెప్పుంటే ఇంకొకరిని బతిమాలుకునేదాన్నిగా," అంది గంగాభవాని.

మర్నాడు క్లాసులో ఎప్పటిలాగే వచ్చి పక్కన కూర్చుంది. శేషారత్నాన్ని నోట్సు అడగడానికి మాత్రం ఆమెకి నెల రోజులు పట్టింది.