పిడికెడు ఎక్కువ

మళ్లీ కుప్పగానే పోశాడు. బుచ్చవ్వ మొగుడి ముందున్న తట్ట లాక్కుని, అంచు దాటి నిలిచిన ఇసుకను అరచేత్తో గీసి కింద పడేసింది.

“ఎన్నిసార్లు చెప్పాలె నీకు? అంచుకు సమంగ ఉండాలె.”

“పిడికెడు ఎక్కువైతే ఏమైతది?” అన్నాడు రాజలింగు.

ఏమవుతుందో నిన్ననే తెలిసింది. యూనివర్సిటీ హాస్టల్ వెనక మురికి మోరీ మీద పోయిన నెల వీళ్లు వేసిన సిమెంటు పలకలు, ఇసుక ఎక్కువై, స్కూటర్ ఎక్కగానే విరిగాయి. “ఇయ్యాల గూడ మాలు గట్లనే కలిపితే మిషన్ తెచ్చుకుంటనక్కా,” అని మేస్త్రి నరహరి పొద్దున తార్నాక కూలీల అడ్డా మీదే చెప్పేశాడు. ఈ పనీ పోతే ముసలి మొగుడూ పెళ్లాలను ఇంకెవరు పిలుస్తారు?

సిమెంటు ఒక తట్ట, ఇసుక రెండు, కంకర నాలుగు. అంతే లెక్క. కానీ రాజలింగుది వడ్లు కొలిచిన చేయి. ఊళ్లో కల్లం దగ్గర కూలివాళ్లకు కుంచం మీద గోపురం నిలిచేదాకా పోసేవాడు. గీసి కొలవడం వాళ్లింట్లో పరువు తక్కువ. పొలం పోయింది, కుంచం పోయింది, ఆ పాడు అలవాటు మాత్రం పోలేదు. ఆమె కంచంలో అన్నమైనా అంతే, వద్దంటే వినడు. బతుకంతా అతను పోయడం, ఆమె గీయడం. విసిగి వేసారిపోయింది.

మధ్యాహ్నానికి ఎండ ముదిరింది. ఆఖరి మాలుకు ఇసుక నింపి తెమ్మంటే, రాజలింగు తట్ట పక్కనే కానుగ చెట్టు కింద కూర్చుండిపోయాడు. బుచ్చవ్వ వెనక్కి తిరగకుండానే పారతో సిమెంటు, కంకర కలుపుతోంది.

“కూసుంటే పనైతదా? తేరాదూ.”

కంకరను ఇంకోసారి తిరగేసింది.

“ఏమయ్యో, నిన్నే.”

నిద్రపోయాడనుకుని ఆమెకు ఒళ్లు మండింది. వెళ్లి భుజం పట్టి కుదిపితే పక్కకు ఒరిగాడు.

నరహరి పరిగెత్తుకొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. “పోయిండక్కా,” అన్నాడు మెల్లగా.

చెప్పకుండా పోయినందుకు ముందు కోపమే వచ్చింది ఆమెకు. తిట్టడానికి నోరు తెరిచి, తట్ట వైపు చూసింది. ఇసుక అంచుకు సమంగా ఉంది. దాని మీద అరచేత్తో గీసిన చార ఉంది. అప్పుడు ఏడ్చింది.

అతణ్ణి నరహరి పిలిపించిన బండిలోకి ఎక్కించారు. నరహరి తట్ట తీయబోతే చేయి అడ్డం పెట్టింది.

“ఉండనియ్ తమ్మీ.”

పక్కన కుప్పలోంచి పిడికెడు ఇసుక తీసి, దాని మీద పోసి వెళ్లి బండెక్కింది.

కానుగ నీడలో ఆ తట్ట, అంచు మీద చిన్న గోపురంతో, సాయంత్రం దాకా అలాగే ఉంది.