రోడ్డు మీద ఘటం

ఈ ఏడు మా అమ్మవారి ఘటం మెయిన్ రోడ్డెక్కకూడదని పోలీసు థానా నుంచి కబురొచ్చింది. పసుపు పూసి, పైన వేపమండలు కట్టిన కుండ అది. ఖిదిర్‌పూర్‌లో ఓడల డాక్‌లో పనివాళ్లుండే మా తెలుగు బస్తీ నుంచి గంగ ఒడ్డుకు చేరేదాకా నెత్తి మీంచి దించకూడదు. సందుల్లోంచి వెళ్లమన్నారు. సందుల్లో వాన నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి.

కంప్యూటర్లు చదివి, బెంగాలీలో గట్టిగా వాదించేదాన్నని నన్ను పంపారు.

"మాది లెఫ్ట్ ప్రభుత్వం. దానికి మతం లేదు. రోడ్డు అందరిదీ. ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి," అన్నాడు థానా పెద్దాయన బొడొబాబు.

"దుర్గాపూజకి అదే రోడ్డు మీద పందిరేసి రోజుల తరబడి బస్సులు మళ్లిస్తారుగా?"

"అది మతం కాదమ్మా, సంస్కృతి."

మా కంప్యూటర్ల వాళ్లం దీన్ని డిఫాల్ట్ సెట్టింగ్ అంటాం. ముందే ఉంటుంది గనక ఎవరో పెట్టారని తోచదు. ఆ మాటే చెప్పాను. టీ తాగమన్నాడు.

ఘటం ఎత్తేది మా పెద్దమ్మ సన్యాసమ్మ. ఇంటికి రాగానే అడిగింది.

"ఏటన్నాడే?"

"రోడ్డు అందరిదీ అన్నాడు."

"అయితే మనదీను. నడు."

ఆదివారం డప్పులతో మెయిన్ రోడ్డెక్కాం. మలుపులో అడ్డంగా వెదురు కట్టి, బొడొబాబు చెయ్యెత్తాడు. "ఇక్కడే ఆగండి."

పెద్దమ్మ ఆగింది.

ఆయన చేసిన పొరపాటల్లా అదే. ఘటం ఎక్కడ ఆగితే అక్కడికి ఇంటికొకరు వచ్చి, మోసేవాళ్ల కాళ్లకి పసుపునీళ్లు పొయ్యాలి. ముందు పక్కింటి జగ్గమ్మ బిందెతో వచ్చింది. వెనక బస్తీ మొత్తం వచ్చింది. బస్సులు, డాక్ లారీలు ఖాళీ లేకుండా నిలిచిపోయి హారన్లు కొడుతున్నాయి.

"వీళ్లందర్నీ ఎవరు పిలిచారు?" అన్నాడాయన నాతో.

"మీరే. ఆగమన్నారు కదా."

"ఆ బాబు బూట్ల మీద కూడా పొయ్యండే, సల్లబడతాడు," అంది జగ్గమ్మ. ఎవరో పోశారు.

ఆయన పసుపు బూట్ల వంకా లారీల వంకా చూసుకున్నాడు. "దిదీ, పక్క సందులోకి తిప్పండి."

"నాను తిప్పను బాబూ," అంది పెద్దమ్మ. బెంగాలీలో అనగలదు, తెలుగులోనే అంది. నేను అనువదించాను, అక్షరం తగ్గించకుండా.

"సరే. ట్రాఫిక్ కోసం వదులుతున్నా. దీన్ని పర్మిషన్ అనుకోవద్దు."

"అనుకోం. దుర్గాపూజ పందిరి వాళ్లు అనుకుంటారా?" అన్నాను.

ఆయన పక్కనున్న కానిస్టేబుల్‌కి చెయ్యూపాడు. కానిస్టేబుల్ వెదురు ఒక కొస విప్పి భుజం దాకా ఎత్తాడు. "ఒంగి వెళ్లిపో, మాషీ."

"అమ్మనెత్తుకుని ఒంగుతానేటి?" పెద్దమ్మ కదల్లేదు. కాళ్ల మీద ఇంకో బిందె పడింది. వెనక ఇంకో లారీ చేరింది.

రెండో కొస బొడొబాబే విప్పాడు. ఇద్దరూ కలిసి వెదురుని ఫుట్‌పాత్ మీద పడేశాక, పెద్దమ్మ రోడ్డు నడిమధ్యన అడుగేసింది.