కళాయి పోయిన గుండిగ

తిరుత్తణి ఇంకా చిత్తూరు జిల్లాలో ఉన్న రోజులు. పళ్ళిపట్టు రోడ్డు పక్కన నేతవాళ్ళం ఎనిమిది ఇళ్ళవాళ్ళం ఒకే వరసలో ఉండేవాళ్ళం. ఇంటికి ఒకటే గది, ఆ గదిలో సగం మగ్గం గుంట. ఇంట్లో పొయ్యి పెడితే పొగకు నూలు నల్లబడుతుంది. అందుకని వరస చివరి కొట్టంలో అందరికీ కలిపి ఒకటే వంట, రోజుకొక ఇంటి వంతు.

మేము మణవాళనగర్ నుంచి వచ్చి మూడు నెలలు కావస్తోంది. మూడు నెలల్లో ఎవరూ అడ్డు చెప్పకపోతేనే మా ఆయన వెంకటముని పేరు ఆ ఇళ్ళిచ్చే నేత సంఘం పుస్తకంలోకి ఎక్కుతుంది, ఇల్లు మాదవుతుంది. ఇంకా నాలుగు రోజులే మిగిలాయి. అందుకే నోరు కుట్టుకుని తిరుగుతున్నాను. అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

ఆ రోజు నా వంతు. పొద్దున్నే పులుసు కాచే మట్టికుండ పగిలింది. వంటకొట్టానికి పెద్ద వజ్రమ్మత్త, వరసలో అందరికీ అత్తే. పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి గుండిగను సంఘానికి ఇచ్చిన మనిషి. "దీంట్లో కాచు" అని దాన్ని చూపించింది.

"లోపల కళాయి పోయింది గదత్తా. చింతపండు పులుసు పోస్తే చిలుము దిగతాది."

"ముప్పై ఏండ్లుగా వండినా. ఎవురు సచ్చినారు? సుమ్మా వాగకుండా కాచు."

నాలుగు రోజులే కదా అనుకుని కాచాను. ఆ పాపం నాదే. దించి మూత పెట్టి, కండెలు చుట్టడానికి పోయాను. మధ్యాహ్నం మూత తీస్తే పులుసు అంచు చుట్టూ పచ్చటి గీత. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. రాగి కాసు నోట్లో పెట్టుకున్నట్టుంది.

అప్పటికే అందరూ వరసగా కూర్చున్నారు. పిల్లలు కంచాలు వాయిస్తున్నారు. వడ్డనకు ముందు వజ్రమ్మత్త రుచి చూడటం అక్కడి ఆనవాయితీ. ఆమె లోటా ముంచింది.

"అత్తా, తాగొద్దు."

"ఏమే, నా గుండిగలో విషముండాదా?" అందరికీ వినపడేట్టు అడిగి, లోటాను పెదాల దాకా తీసుకుపోయింది.

నేను ఆ చేతిని కొట్టాను. లోటా ఎగిరిపడింది. అంతటితో ఆగలేదు. గుండిగను రెండు చేతులా వంచేశాను. ముప్పై మంది పులుసు నేలపాలైంది.

ఆ పూట అందరూ ఉప్పూ మజ్జిగతో తిన్నారు.

దీపాలు పెట్టకముందే పంచాయితీ కూర్చున్నారు. సంఘానికి పెద్ద వజ్రమ్మత్త మొగుడు పచ్చయ్యప్ప. ఆయన పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. అత్త గుండిగను తోమి తెచ్చి మధ్యలో పెట్టింది. అది తళతళలాడుతోంది.

"ఎవురికైనా కడుపు నొచ్చిందా? వాంతులైనాయా?" అని అందరినీ అడిగింది.

ఎవరికీ కాలేదు. తాగితే కదా అవడానికి! నా సాక్ష్యాన్ని నేనే పారబోసుకున్నాను. కోపంతో ఏడుపొచ్చింది.

"తప్పయిపోయింది, గుండిగ బాగుండాదని ఒక్క మాట చెప్పు గోవిందమ్మా," అన్నాడు పచ్చయ్యప్ప మామ. "ఇంక దీని ఊసెత్తం. నాలుగు దినాలకు మీ పేరు రాసేస్తా." మా ఆయన కళ్ళతోనే బతిమాలాడు.

చెప్పేదాన్నే. కానీ మర్నాడు వంతు పక్కింటి కన్నమ్మది. చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని ఎదురుగా కూర్చుంది. నేను బాగుందంటే రేపు మళ్ళీ ఆ గుండిగే పొయ్యెక్కుతుంది.

"బాగలేదు మామా. మీరు ఇల్లిచ్చినా, ఇయ్యకపోయినా అది బాగలేదు."

మా ఆయన తల దించుకున్నాడు. మామ పుస్తకం మూసేశాడు. ఇల్లు పోయిందనుకున్నాను.

అప్పుడు కన్నమ్మ మెల్లిగా అడిగింది. "అట్లయితే రేపు నేను దేంట్లో కాచేది మామా?"

అందులోనే కాచమని ఒక్కరైనా అంటారేమోనని చూశాను. పిల్లల తండ్రులంతా నేల చూస్తున్నారు. చివరికి వజ్రమ్మత్తే లేచి, "కొత్త కుండ తెచ్చుకో" అని, గుండిగను చంకనెత్తుకుని తన ఇంట్లోకి పోయింది.

అత్తతో సహా ఎవరూ అడ్డు చెప్పలేదు, నాలుగో రోజున మా పేరు పుస్తకంలోకి ఎక్కింది. గెలిచానని సంబరపడ్డాను, దాచడమెందుకు. మళ్ళీ నా వంతు వచ్చినప్పుడు ఒళ్ళు దాచుకోకుండా వండాను. అత్త రాలేదు. నేనే పిలవడానికి పోయాను.

"ఆకలి లేదు" అంది గోడవైపు తిరిగి.

ఆ వరసలో పదకొండేళ్ళున్నాం. ఏడు రోజులు అత్త నా పక్కనే కూర్చుని తినేది. ఎనిమిదో రోజు, నా వంతు నాడు, పస్తుండేది. తను పోయేదాకా నా చేతి ముద్ద ముట్టలేదు.