చల్లారాక మిగిలిన ముక్క

గాజు పళ్ళెం అంచులకు పట్టిన చీజు వేడినీళ్ళు పోసినా వదల్లేదు. అపర్ణ కాసేపు నానబెట్టింది, పీచుతో రుద్దింది, చివరికి చెంచా తిప్పి పట్టుకుని గీరడం మొదలుపెట్టింది. ఆదివారం మధ్యాహ్నం. హాల్లో అందరూ ఫ్యాను కింద చేరి ఇంకా ఆ చీజు మక్రోని గురించే మాట్లాడుకుంటున్నారు. భర్త ప్రాణేశ్ గొంతు అందరికన్నా పైకి వినిపిస్తోంది. శృతి చేతిలో ఏదో ఉందట, హోటల్లో కూడా ఇట్లా రాదట. శృతి అంటే మరిది సుజయ్ భార్య. పెళ్ళై ఏడాది కాలేదు. ఇద్దరివీ బెంగళూరు ఉద్యోగాలు. ఇంటి నుంచే పని చేసుకోవచ్చని కంపెనీలు చెప్పడంతో వేసవికి ముందే ఆదోని వచ్చి ఉన్నారు. వచ్చేటప్పుడు బట్టల పెట్టెలతో పాటు ఒక చిన్న కరెంటు ఓవెన్ కూడా తెచ్చుకున్నారు.

చెంచాకు ఊడి వచ్చిన ముక్కను అపర్ణ నోట్లో వేసుకుంది. రబ్బరు నమిలినట్టుంది. పళ్ళకు అతుక్కుంది. అందరికీ వడ్డించి తాను కూర్చునేసరికి పళ్ళెం మూలన మిగిలింది కూడా ఇట్లాంటిదే. దీన్లో ఏముందని వీళ్ళంతా ఇంత మురిసిపోతున్నారో ఆమెకు ఎంత నమిలినా అంతుపట్టలేదు. అంతుపట్టకపోవడమే ఎక్కువ మండించింది.

ఆ ఇంట్లో ఉల్లిపాయ లేదు, వెల్లుల్లి లేదు. రాయల మఠానికి సేవ చేసిన వంశమని అత్తగారు సరస్వతీబాయి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. మడి కట్టుకోనిదే పొయ్యి ముట్టదు. అపర్ణ కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, తన గదిలో చిన్న స్టవ్ పెట్టుకుని ఎప్పుడన్నా ఉల్లిపాయ వేసి బొరుగుల ఉగ్గాని చేసుకుంటానని అడిగింది. "మీ ఇంట్లో జరిగిందేమో, ఈడ జరగదు" అని అత్తగారు అక్కడికక్కడే తేల్చేసింది. అదే సరస్వతీబాయి, చిన్నకోడలు ఓవెన్ పెట్టుకుంటానంటే వెనక వసారాలో స్వయంగా బల్ల సర్దించింది. చీజు పాలతో చేసేదే కదా, దోషమేముంది అని పక్కింటావిడకు నచ్చజెప్పింది కూడా. ఆ మాట విన్న పూట అపర్ణ జొన్నపిండిని ఎంత గట్టిగా పిసికిందంటే, మణికట్టు మర్నాటి దాకా నొప్పి పుట్టింది.

అపర్ణకూ ఉద్యోగముంది. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. పొద్దున్నే లేచి రొట్టెలు, పప్పు, కూర చేసి, కూతురికి బాక్సు కట్టి, బస్సు పట్టుకుంటుంది. సాయంత్రం వచ్చి కొంగు బిగిస్తే మళ్ళీ పడుకునేదాకా కూర్చోదు. పరీక్ష పేపర్లు దిద్దడానికి ముందేసుకుంటే, ఖాళీగానే ఉన్నావు కదా, ఈ కొత్తిమీర కాస్త తుంచు అంటుంది అత్తగారు. శృతి గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే మాత్రం ఇల్లంతా గుసగుసగా మాట్లాడుకుంటుంది. ఒకరోజు ప్రాణేశ్ వంటింట్లోకి వచ్చి, "శృతికి మీటింగుంది, కుక్కరు కూత రాకుండా చూడు" అని చెప్పి పోయాడు. పదకొండేళ్ళలో ఆయన వంటింటి గడప దాటి లోపలికి రావడం ఎన్నిసార్లు జరిగిందో అపర్ణకు గుర్తులేదు. ఆ ఒక్కసారి మాత్రం బాగా గుర్తుంది.

అసూయ తన స్వభావం కాదనే ఆమె అనుకునేది. పక్కింట్లో కారు కొంటే సంతోషించింది. బడిలో తనకన్నా చిన్నదాన్ని హెడ్‌మిస్ట్రెస్‌ను చేస్తే స్వీటు తిని వచ్చింది. ఇప్పుడు మాత్రం, శృతి బ్రెడ్డు ముక్కల మీద వెన్న రాస్తుంటే ఆ వేళ్ళ వైపే చూస్తుంది. పచ్చిమిరప తరుగు, మొక్కజొన్న గింజలు, పైన చీజు, ఓవెన్లో పెట్టి మీట తిప్పడం, అంతే. ఆ తర్వాత శృతి కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటుంది. వంటంటే కూర్చుని కూడా చేయొచ్చని అపర్ణకు అప్పుడే తెలిసింది. ఒకసారి టోస్టులు మాడిపోయాయి. అపర్ణ కిటికీ తీస్తూ అయ్యో అంది కానీ, లోపల మెత్తగా ఏదో చల్లబడింది. ఆ చల్లదనానికి తనే సిగ్గుపడింది. సిగ్గుపడి కూడా, ఇంకోసారి మాడితే బాగుండునని కోరుకుంది. మాడలేదు. పైగా వారం తిరక్కుండానే కూతురు రొట్టె బాక్సు తోసేసి, "పిన్ని చేసే చీజు శాండ్‌విచ్చే కావల్ల" అని మొండికేసింది.

వీటన్నిటినీ దిగమింగుకునేదేమో. ఒకరాత్రి భోజనాల దగ్గర ప్రాణేశ్ అన్న మాట మాత్రం లోపలికి దిగలేదు. మక్రోని రెండోసారి వడ్డించుకుంటూ, కోపమేమీ లేకుండా, మామూలుగా, "పది నిమిషాల పని. నువ్వేమో పొద్దుగూకులూ వంటింట్లోనే ఉంటావు. శృతిని చూసి నేర్చుకోరాదా?" అన్నాడు. సుజయ్ నవ్వాడు. శృతి తల వంచుకుంది. ఆ వంచుకోవడం కూడా అందంగా ఉందని అపర్ణకు ఒళ్ళు మండింది.

మర్నాటి నుంచి ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో వంట వీడియోలు చూడసాగింది. వెన్న కరగాలి, మైదా పచ్చివాసన పోయేదాకా వేగాలి, పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండకట్టకుండా కలపాలి. స్టవ్ ఆపాకనే చీజు వేయాలి, ఆ తర్వాత ఉడికిస్తే విరిగినట్టవుతుంది. లెక్కలు చెప్పే మనిషికి ఇదేమంత కష్టం కాదు. శృతి, సుజయ్ ఏదో పెళ్ళికి బళ్ళారి వెళ్ళిన శనివారం, అపర్ణ బస్టాండు దగ్గర బేకరీలో చీజు కొని, తడిగుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టుకుని ఎండలో ఇంటికి తెచ్చింది. వసారాలో నిలబడి మక్రోని చేసింది. ఓవెన్ గాజు తలుపులోంచి చూస్తుంటే, తెల్లటి పైపొర బుడగలు లేచి, అక్కడక్కడా బంగారు రంగుకు తిరిగింది. తన పెళ్ళిచూపుల రోజున కూడా గుండె అంతగా కొట్టుకోలేదు.

అందరికీ వడ్డించింది. కూతురు పళ్ళెం నాకింది. మడి మనిషి సరస్వతీబాయి తినకపోయినా, వాసన బాగుందని ఒప్పుకుంది. ప్రాణేశ్ రెండుసార్లు వేయించుకున్నాడు. అపర్ణ గరిటె పట్టుకుని అతని మొహమే చూస్తూ నిలబడింది. ఏదో ఒక మాట వస్తుంది, వచ్చి తీరాలి అనుకుంది. అతను చెయ్యి కడుక్కుని వచ్చి, ఫోన్ తీసి, స్పీకర్లో పెట్టి బళ్ళారికి కలిపాడు.

"శృతీ, నువ్వు లేకపోయినా నీ వంట తిన్నామమ్మా. మీ అక్కకు బాగా నేర్పించినావు."

"నేనేం నేర్పలేదు బావగారూ. అక్కే చేసినట్టుంది" అంది శృతి.

"చూడు ఎంత వినయమో" అని ప్రాణేశ్ తల్లి వైపు చూసి నవ్వాడు.

ఆఖరున అపర్ణ కూర్చుంది. పళ్ళెం మూలన మిగిలిన ముక్క చల్లారి బిగుసుకుపోయింది. తాను చేసిన దాని రుచి తనకే తెలియదు. అయినా శృతి మీదే కోపం వచ్చింది. నిజం చెప్పినందుకు వచ్చింది. ఆ నిజాన్ని ఎవరూ నమ్మనంత మంచిపేరు ఆమెకు ఉన్నందుకు మరీ వచ్చింది. వాళ్ళు తిరిగి వచ్చాక నాలుగు మాటలకు ఒక మాట జవాబు చెప్పడం మొదలుపెట్టింది. శృతి కప్పు కడగకుండా పక్కన పెట్టింది. తోడికోడళ్ళకు పడటం లేదని సరస్వతీబాయి కొడుకులతో నిట్టూరుస్తూ చెప్పింది. కొడుకులు, ఆడవాళ్ళింతే అన్నారు.

అలా కొన్ని వారాలు గడిచాయి. ఒక రోజు ఎమ్మిగనూరులో ఏదో గొడవ జరిగి, మధ్యాహ్నానికే బడులు మూసేయించారు. అపర్ణ ఇంటికి వచ్చేసరికి అత్తగారు హాల్లో కునుకు తీస్తోంది. సుజయ్ గదిలో ఫోన్ మాట్లాడుతున్నాడు. చెప్పులు విప్పుతుంటే వెనక వసారాలోంచి తపతపా చప్పుడు వినిపించింది. వెళ్ళి చూసింది.

శృతి నేల మీద కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. మోచేతుల దాకా పిండి. పీట మీద రొట్టె అంచులు బీటలు వారి, ఎత్తబోతే మూడు ముక్కలైంది. పక్కన చిన్న పొయ్యి మీద పెనం, ఇంకోపక్క పళ్ళెం బోర్లించి ఉంది. దాని కింద నుంచి మాడిన, చిరిగిన రొట్టెల అంచులు కనిపిస్తున్నాయి. అపర్ణను చూసి శృతి లేవలేదు. దాచాల్సిందంతా అప్పటికే బయటపడింది.

"ఏం చేస్తాండావు?" అంది అపర్ణ.

"కనపడతానే ఉంది కదక్కా." శృతి గొంతులో ఎప్పుడూ ఉండే మెత్తదనం లేదు. "పెళ్ళైన కాడి నుంచి నీ మరిదిది ఒకటే మాట. మా వదిన రొట్టె చూడు, బూరెలెక్క ఉబ్బుతాది. మా వదిన బడికి పోయొచ్చి కూడా ఇంటెడు పని చేస్తాది, నోరెత్తదు. నువ్వేమో బ్రెడ్డు మీద చీజేసి వంటంటావు, అని. రోజూ ఇదే. నా జీతం, నా పని, ఏదీ లెక్కలేదు. నీ రొట్టె ఒక్కటే లెక్క." చేతి పిండిని గీరి పారేసింది. "నువ్వంటే నాకు పడదక్కా. నిన్ను చూడకముందు నుంచే పడదు."

అపర్ణకు ముందు కలిగింది జాలి కాదు. తీపి. మరిది తన రొట్టెను మెచ్చుకున్నాడా! ఉబ్బుతుందన్నాడా! ఆ మాటను ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది. పదకొండేళ్ళుగా రొట్టె తింటున్న మనిషి, మరోటి వెయ్యి వదినా అన్నాడు, ఉప్పు తక్కువైంది అన్నాడు. ఇది మాత్రం తనతో ఎప్పుడూ అనలేదు. తన కోసం పుట్టిన మెచ్చుకోలు తన దగ్గరికి రాకుండా మూసిన తలుపు వెనక ఇంకొక ఆడదాని వీపు మీద పడుతూ వచ్చింది. తనకు పది నిమిషాల్లో వండే శృతిని చూపించారు. శృతికి నోరెత్తని తనను చూపించారు. అన్నదమ్ములిద్దరూ కూడబలుక్కుని చేసిందేమీ కాదు, వాళ్ళకు అంత శ్రమ అక్కర్లేదు. ఆ తీపి గొంతులోనే చేదెక్కింది.

"నువ్వన్నా నాకంతే" అంది అపర్ణ. "నీ టోస్టులు మాడిన పొద్దు నాకెంత బాగుండెనో తెలుసా?"

శృతి తలెత్తి చూసింది. నవ్వాలో వద్దో తెలియక ఆమె మొహం ఒక పక్కకు పోయింది. అపర్ణ హ్యాండుబ్యాగు గోడకు ఆనించి, చీర కుచ్చిళ్ళు దోపి, పీట ముందు కూర్చుంది. పిండికి మరిగే నీళ్ళు పోయాలి, చన్నీళ్ళు పోస్తే బీటలే వస్తాయి అని చెప్పింది. పోసి కలిపింది, మర్దించింది, శృతి చేతుల మీద తన చెయ్యి పెట్టి రొట్టెను గుండ్రంగా తిప్పించింది. రెండోది పగల్లేదు. మూడోది పెనం మీద పొంగింది. శృతి లేచి ఫ్రిజ్‌లోంచి చీజు తెచ్చి, పెనం మీదే సగం రొట్టె పైన తురిమింది. అపర్ణ దాని మీద పల్లీలు వేయించి దంచిన చెనిక్కాయల పొడి చల్లింది. రొట్టె మడిచి, అట్లకాడతో అదిమి పట్టారు. అంచుల్లోంచి చీజు కారి పెనానికి తగిలి చుర్రుమంది.

అపర్ణ చెయ్యి అలవాటుగా మూత కోసం వెళ్ళింది. ఆయనకూ పాపకూ తీసిపెట్టాలి.

"మూతేస్తే గట్టిపడతాదక్కా. ఇప్పుడే తినల్ల" అని శృతి రొట్టెను రెండుగా చించింది. మధ్యన చీజు తీగలు తీగలుగా సాగింది. బాగా ఎర్రబడిన సగం శృతి వైపే ఉండిపోయింది. అది గమనించి అపర్ణకు మళ్ళీ చిన్నగా చురుక్కుమంది. ఆ మంట ఒక్కరోజులో పోయేది కాదు. అయినా తన సగం నోట్లో పెట్టుకుంది.

నాలుక కాలింది. పొడి కారం, జొన్న కమ్మదనం, వాటన్నిటినీ కప్పేస్తూ కరిగి జారే ఉప్పటి పాల రుచి. గొంతులోంచి కడుపు దాకా వెచ్చగా దిగింది. ఓహో, ఇదా! ఇన్నాళ్ళూ వాళ్ళు తిన్నది ఇదా! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కారం వల్లే అనుకుంది. శృతి ఇంకో రొట్టె తట్టడానికి పిండి తీసుకుంది.

అంతలో వీధి తలుపు చప్పుడైంది. ప్రాణేశ్ తాను పనిచేసే కాలేజీ నుంచి వస్తూ, కూతురిని బడి నుంచి తీసుకుని వచ్చాడు. అలికిడికి సరస్వతీబాయి లేచింది. సుజయ్ గది తలుపు తెరుచుకుంది. వాసన ఇల్లంతా పట్టేసినట్టుంది, వచ్చిన ఆకలితో అందరి అడుగులూ భోజనాల బల్ల దాకా వచ్చి ఆగాయి. కుర్చీలు జరిగిన చప్పుడు. కాసేపు ఎదురుచూసినట్టున్నారు. ఎవరూ పళ్ళెం పట్టుకుని రాకపోయేసరికి సరస్వతీబాయి గొంతు పెంచి, మొగోళ్ళు వచ్చి కూర్చున్నారని చెప్పింది. తర్వాత ప్రాణేశ్ గొంతు వినిపించింది.

"ఏం చేస్తాండారు ఆడ ఇద్దరూ?"

శృతి చేతిలో పిండిముద్ద ఆగిపోయింది. అపర్ణ వైపు చూసింది. వడ్డిస్తాండా, తెస్తాండా, వస్తాండా. ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఇట్లాంటి పిలుపుకు అపర్ణ చెప్పిన జవాబులు అవే. నోరు తెరిస్తే వాటిలో ఏదో ఒకటి దానంతటదే బయటికి వచ్చేటట్టుంది. నోట్లోది పూర్తిగా నమిలి మింగింది. శృతి చేతిలోంచి పిండిముద్ద తీసుకుని పీట మీద పెట్టి, హాలు దాకా వినిపించేటట్టు చెప్పింది.

"తింటాండాము."