తొర్ర ముందు కస్తూరి

రాడేం ఇంకా, ఎండ అప్పుడే వేపకొమ్మల్లోంచి దిగి కళ్ళల్లో పొడుస్తోంది, మే నెల ఢిల్లీకి పొద్దుటిపూటంటూ ఒకటుంటేగా, కెమెరా పట్టీ చెమటకి మెడకతుక్కుపోయింది, అయినా కస్తూరి క్వార్టరు ముందునుంచి కదల్లేదు, ఎదుటి వేపచెట్టు తొర్రలో ధనేశ్ అని ఇక్కడివాళ్ళు పిలిచే వంకరముక్కు పిట్టల్లో ఆడది గుడ్లతో పాటు లోపల కూర్చుని ద్వారం మూసేసుకుంది, ముక్కు పట్టేంత సందు తప్ప ఏమీ మిగల్చలేదు, మగపిట్ట రావిపళ్ళు తెచ్చి ఆ సందులోంచి నోటికందించాలి, అది ఫోటోలో పడితే మొగుడు భీమారావుకి పంపాలి, పంపి ఏం బావుకోవాలి, అదే తెలియడం లేదు ఈ పూట, నిన్న ఆ ఫోను వచ్చినప్పట్నుంచీ మనసు మనసులో లేదు.

ఎంత హాయిగా ఉందో ఆయన గొంతు, సిక్కిం కొండల మీద ఆ ఆర్మీ పోస్టులో మాటకి సిగ్నల్ దొరకడమే గగనం, దొరికితే మొగుడు ఏం మాట్లాడతాడూ, ఏటే కస్తూరీ, వచ్చే నెల లీవు నా వంతు కదా, మన శరత్‌గాడు కాళ్ళా వేళ్ళా పడతన్నాడు, కొత్తగా పెళ్ళయినోడు, ఆడికిచ్చేద్దామా, నాకు మళ్ళీ చలికాలంలో వస్తాది, నీకేటి, నీ పిట్టలు నీకున్నాయి, అని ఒకటే నవ్వు, సుబేదారయ్యాక ఆ నవ్వుకీ ప్రమోషనొచ్చింది, రేపు మధ్యాన్నం ఆఫీసులో సెప్పెయ్యాల, ఏటంటావు, అంటే ఏమనాలి, వద్దనాలి, గొంతుదాకా వచ్చింది కూడా, ఠీక్ హై, ఇచ్చెయ్యండి పాపం, అంది, నరం లేని నాలుక, దాన్ని కోసి కారం పెట్టాలి.

ఆ నాలుకకి అలా తిరగడం నేర్పింది పార్వతమ్మగారు, పెళ్ళయి జైసల్మేర్‌లో దిగిన కొత్తలో పక్కింటి హవల్దారుగారి భార్య, మన విజయనగరం మనిషి, బోర్డరు మీదున్న మగోడికి ఇంటేడుపు సెప్పకమ్మా, ఆడి సెయ్యి వణికితే మన పుస్తెలే తెగుతాయి, అంతా బాగుందనే సెప్పు, అంది, అంతే, అప్పట్నుంచీ అంతా బాగుంది, జ్వరమొస్తే బాగుంది, కడుపులో నలుసు నిలవక ఆస్పత్రిలో పడుకున్నప్పుడూ బాగుంది, ఇక బాగుందని చెప్పడానికి మాటలే మిగలక క్యాంటీన్లో కెమెరా కొనుక్కుంది, ఇసుక మీద ఆడుకునే నక్కపిల్లలు, తేజ్‌పూర్ బదిలీ రైలు కిటికీలోంచి ముక్కుదాకా నీళ్ళలో మునిగిన గేదెలు, ఇక్కడి కంటోన్మెంట్లో నీళ్ళ ట్యాంకెక్కిన నెమలి, ఆయన ఎక్కడుంటే అక్కడికి రోజుకొకటి పంపడం, ఆయన బొటనవేలి బొమ్మ పెట్టడం, అదే కాపురం, ఎవరైనా వింటే నవ్విపోతారు.

ఆంటీ, వో బగల్‌వాలే పేడ్ పే బైఠా హై, ఆప్ హటేంగీ తభీ తో ఆయేగా, పై అంతస్తు ఇషిత కాలేజీకి పోతూ అరిచింది, తెలుగు అర్థమవుతుంది ఆ పిల్లకి, నోట్లోంచి హిందీయే వస్తుంది, తను తప్పుకుంటేనే వస్తుందట, తలెత్తి చూస్తే నిజమే, వేప పక్క చెట్టు మీద వంకరముక్కులో పండు కరుచుకుని తనవైపే చూస్తోంది మగపిట్ట, ఎంతసేపట్నుంచో, ఓరి నాయనో, నీ పెళ్ళాన్ని పస్తు పెట్టింది నేనా, సిగ్గేసింది, గబగబా లోపలికొచ్చి వంటింటి కిటికీ జాలీ వెనక నిలబడింది.

రానే వచ్చింది, చెట్టుకి కరుచుకుని సందులోకి పండు తోసింది, కెమెరా ఎత్తడమే మరిచింది, తొర్రలోంచి ఆ చప్పుడు, లోపలిది ఏం గోల చేస్తోందీ, కీచుకీచుమని ఒకటే అరుపు, ఇంకా తే, ఇంకా తే అన్నట్టు, సిగ్గూ ఎగ్గూ లేదు, మొగుడు అలిసిపోయాడేమోనన్న జాలైనా లేదు, అడిగింది, పెట్టించుకుంది, అడగందే అమ్మయినా పెట్టదంటారు, మరి తనెప్పుడు అడిగింది, జ్ఞాపకానికి ఒక్కసారీ రాదే, కళ్ళల్లో నీళ్ళు బొటబొటా రాలాయి, ఫోను టింగుమంది, ఏటి, ఇయ్యాల పిట్ట లేదా, అని ఆయనే, ఆయన మీద కోపం రావాలి, రాలేదు, ఆయనేం రాయి కాదు, నక్కపిల్లలూ నెమళ్ళూ పంపి ఇల్లు సందడిగా ఉందని ఏళ్ళ తరబడి నమ్మించింది తనే, ఆయన నమ్మాడు, ఇంట్లో ఖాళీ కుర్చీని తను ఒక్కరోజూ ఫోటో తీయలేదు, ఒంటరిగా ఉన్నానని తను చెప్పకపోతే ఆయన ఎలా వస్తాడు, వణికితే వణకనీ ఆ చెయ్యి, మైకు గుర్తు నొక్కి పట్టుకుంది, ఏవండీ, ఆ లీవు ఎవరికీ ఇవ్వకండి, నాకిక్కడేమీ బాగులేదు, ఒక్కదాన్నే ఉండలేకపోతన్నాను, మీరు రండి.